అరుగు దొరికిన ఊరు

ఇంటికొచ్చి మూడు రోజులైంది. అమ్మ అప్పుడే అరిసెలకి బియ్యం నానబోసింది. ఇప్పుడు రాసుకోకపోతే మళ్ళీ కనుమ దాటేదాకా నాకు తీరిక దొరకదు.

అహ్మదాబాద్ వెళ్తున్నామంటే అందరూ సబర్మతి ఆశ్రమం చూడ్డానికా, పటేల్ విగ్రహం చూడ్డానికా అని అడిగారు. రెండూ కాదు, పాత ఊళ్ళో సందులు తిరగడానికి అంటే నమ్మలేదు. నాకు పాత ఇళ్ళ పిచ్చి. మన దేశంలో యునెస్కో ప్రపంచ వారసత్వ నగరంగా మొట్టమొదట గుర్తించింది ఈ ఊరినే, 2017లో. అమ్మకి డెబ్భై ఒకటి. రెండు మోకాళ్ళూ అరిగాయి. "నువ్వు తిరుగు, నేను ఎక్కడో అక్కడ కూర్చుంటాను" అని బయల్దేరే ముందే షరతు పెట్టింది. నా బెంగంతా ఆ 'ఎక్కడో అక్కడ' గురించే. మా హైదరాబాద్‌లో మనిషి కాసేపు కూలబడాలంటే ఏదో ఒకటి కొనాలి.

జనవరి 2, గురువారం: లాల్ దర్వాజా

మధ్యాహ్నం మూడు దాటాక సీదీ సయ్యద్ మసీదు దగ్గర ఆటో దిగాం. చిన్న మసీదు. చుట్టూ బస్సులు, ఆటోలు గిరగిరా తిరుగుతుంటే మధ్యలో ద్వీపంలా ఉంది. 1573 నాటిది. కట్టించిన సీదీ సయ్యద్ ఆఫ్రికాలోని అబిసీనియా నుంచి వచ్చినవాడు, గుజరాత్ సుల్తానుల చివరి రోజుల్లో ఇక్కడ కొలువు చేశాడు. నేను రోజూ ఆఫీసుకి ఏసీ గార్డ్స్ మీదుగానే వెళ్తాను. అక్కడి 'ఏసీ' నిజాం కొలువులోని ఆఫ్రికన్ కావల్రీ అని తెలిసినప్పుడు ఎంత ఆశ్చర్యపోయానో, ఇక్కడా అంతే.

లోపలికి పోకుండా ముందున్న ఆవరణలోంచే చూశాం. వెనక గోడ పడమటి వైపుంది కాబట్టి సాయంత్రం ఎండ రాతి జాలీల్లోంచి మనవైపు దూరి వస్తుంది. అందరూ ఫొటో తీసుకునే జాలీలో ఒక తాటిచెట్టు, దాన్ని అల్లుకున్న ఇంకో చెట్టు కొమ్మలు, తీగలు. ఐఐఎం అహ్మదాబాద్ చిహ్నానికి మూలం ఇదే. నేను ఫోన్‌లో అన్ని కోణాల్లోనూ తీశాను. అమ్మ మాత్రం మెట్టు మీద కూర్చుని గాల్లో వేలితో ఏదో గీస్తోంది. ఏంటమ్మా అంటే, "మెలికల ముగ్గే ఇది. చుక్కలెక్కడ పెట్టాడో దొరకట్లేదు" అంది. ధనుర్మాసం కదా, ఇంటి దగ్గరుంటే ఆ వేళకి మర్నాటి ముగ్గు నోటుపుస్తకంలో వేసుకుంటూ ఉండేది. పావుగంట వెతికింది. కుడిపక్క తీగ ఒకటి కింద నుంచి మొదలై, ఎక్కడా తెగకుండా పై అంచుదాకా వెళ్ళి తిరిగొచ్చిందని కనిపెట్టి నాకు చూపించింది. నేను తీసిన నలభై ఫొటోల్లో ఆ తీగని గమనించనేలేదు.

అక్కణ్ణుంచి లక్కీ హోటల్ నడిచివెళ్ళేంత దూరం. బల్లల మధ్య సమాధులున్న టీ హోటల్ అది. ఆకుపచ్చ రంగేసి, చుట్టూ ఇనుప కమ్మీలు పెట్టి, మీద పూలు వేసి ఉంటాయి. పక్కనే జనం మస్కా బన్ను టీలో ముంచుకుని తింటుంటారు. సర్వర్లు కాళ్ళకి అలవాటైన దారిలో వాటిని చుట్టి వెళ్ళిపోతుంటారు. ఎం.ఎఫ్. హుస్సేన్ ఇచ్చిన బొమ్మ గోడ మీద ఉంది. అమ్మ ముందు కాళ్ళు వెనక్కి ముడుచుకుంది. కాసేపటికి సర్దుకుని, "పోనీలే, ఒంటరిగా లేరు" అని రెండో బన్ను చెప్పమంది. ఇద్దరి టీ, బన్ను కలిపి నూట అరవై అయింది.

చీకటి పడ్డాక మూడు కమానుల తీన్ దర్వాజా. కమాను గోడలో ఒక గూడు, అందులో దీపం. ఒక రాత్రి లక్ష్మీదేవి ఊరొదిలి వెళ్ళిపోతుంటే కోట కావలివాడు ఆపాడట. సుల్తానుని అడిగి వచ్చేదాకా కదలనని ఆవిడ చేత మాట తీసుకుని, వెళ్ళి తన తల తానే తీయించుకున్నాడట. అతను తిరిగి రాడు, ఆవిడ కదలదు. ఆ దీపాన్ని తరతరాలుగా ఒక ముస్లిం కుటుంబం వెలిగిస్తోందని గాజులమ్మే అతను చెప్పాడు. కమాను కిందే చెప్పులు, చార్జర్లు, లోదుస్తులు గుట్టలుగా పోసి అమ్ముతున్నారు. దీపం ఎక్కడని వెతకడానికే మాకు పది నిమిషాలు పట్టింది.

జనవరి 3, శుక్రవారం: పోళ్ళు

పొద్దున ఎనిమిదికి కాలూపూర్ స్వామినారాయణ్ గుడి దగ్గర మొదలై జామా మసీదు దగ్గర ముగిసే నడక ఒకటుంది. 1997 నుంచీ మున్సిపాలిటీ వాళ్ళు నడిపిస్తున్నారు. మేమూ చేరాం. గుడిలో బర్మా టేకు స్తంభాలకి కళ్ళు చెదిరే రంగులేశారు. గైడ్ మంచివాడేగానీ ఆయన కాళ్ళకి చక్రాలున్నాయి. రెండో సందు దాటేసరికి అమ్మ వెనకబడింది. దలపత్‌రామ్ చౌక్ చేరాం. ఆయన పందొమ్మిదో శతాబ్దపు గుజరాతీ కవి. ఇల్లు పోయింది గానీ ఇంటి ముఖాన్ని మళ్ళీ కట్టి, ముందు ఆయన విగ్రహం కూర్చోబెట్టారు. అమ్మ తిన్నగా వెళ్ళి ఆయన పక్కన కూర్చుంది. "ఈయనకేం తొందర లేనట్టుంది, నేనిక్కడే ఉంటా." గుంపుని పంపించేసి నేనూ ఉండిపోయాను. ఈ యాత్రలో నేను చేసిన తెలివైన పని అదొక్కటే.

పోల్ అంటే పేట కాదు, వీధీ కాదు. ఒక పెద్ద ద్వారం, లోపల పాములా మెలికలు తిరిగే సందు, దానికి పిల్ల సందులు, ఎదురెదురుగా రెండు మూడంతస్తుల ఇళ్ళు. రాత్రి ద్వారం మూస్తే లోపలివాళ్ళంతా ఒక ఇంటివాళ్ళే. కొన్నిచోట్ల రెండు చేతులూ చాపితే రెండు గోడలూ తగులుతాయి. సందు ఇరుకు కాబట్టి ఎండ నేలకి దిగదు. మే నెలలో నలభై దాటే ఊళ్ళో అది చిన్న సుఖం కాదు. పై అంతస్తులు కింది అంతస్తు కన్నా కాస్త ముందుకి పొడుచుకొచ్చి ఉంటాయి. వాటిని మోసే ఏటవాలు కొయ్యల మీద చిలకలు, ఏనుగులు, తామరలు, అక్కడక్కడా దొరల కాలపు పూలకుండీలు. ఇటుక గోడల మధ్యన కూడా అడ్డంగా దుంగలు దూర్చారు. భూమి కదిలితే గోడ పగలకుండా ఊగి ఊరుకుంటుందట.

నేను తలెత్తుకుని ఇవన్నీ చూస్తుంటే మెడ పట్టేసింది. అమ్మ చూసేది వేరే. ప్రతి ఇంటి ముందూ 'ఓట్లో' అనేది ఒకటుంది. మన అరుగు. రాతిది, మోకాలెత్తు, మనిషి చారబడేంత వెడల్పు. దాని మీద కూరలు తరుగుతున్నారు, పేపరు చదువుతున్నారు, స్కూటర్ తుడుస్తున్నారు, ఒకాయన ట్రాన్సిస్టర్ విప్పి పెట్టుకున్నాడు. ఎవరి అరుగు మీద ఎవరు కూర్చున్నా ఎవరూ ఏమీ అనరు. ఒక అరుగు మీద అమ్మ కూర్చుందో లేదో, లోపల్నుంచి ఒక బెన్ నీళ్ళ చెంబుతో వచ్చింది. అక్కడ ఆడవాళ్ళందరూ బెన్‌లే, అక్కయ్య, వదిన అని వరసలు పెట్టుకోవాల్సిన పన్లేదు. ఆవిడకి హిందీ, అమ్మకి తెలుగు. ఇద్దరూ మెంతికూర కట్ట చెరో సగం పంచుకుని ఆకు దూస్తూ కూర్చున్నారు.

ఆవిడే లోపలికి పిలిచి చౌక్ చూపించింది. నడిమిన ఆకాశం, నాలుగువైపులా గదులు. అమ్మ గడప దాటుతూనే ఆగిపోయింది. అమలాపురం దగ్గర మా అమ్మమ్మగారిది మండువా లోగిలి. వానొస్తే నాలుగు చూర్ల నీళ్ళూ నడిమికి పడేవి, గంగాళాలు పెట్టి పట్టేవారని నేను వినడమే గానీ చూడలేదు. ఇక్కడ వాననీటిని గొట్టంతో నేల కిందికే దింపేశారు. బెన్ చౌక్ మూలన చిన్న రాతి మూత ఎత్తి టాంకా చూపించింది. కింద చీకట్లో పెద్ద గది, అందులో నీళ్ళు. ఎండ తగలదు కాబట్టి పాడవవు. మొదటి వాన పోనిచ్చి, కప్పు కడిగాక వచ్చే నీళ్ళే లోపలికి వదులుతారట. మూత తీసేసరికి చల్లటి తడి వాసన ముఖానికి కొట్టింది. అమ్మ వంగి "ఓయ్" అంది. కింద నుంచి ఇంకో "ఓయ్" వచ్చింది. ఇద్దరూ పడీపడీ నవ్వారు.

వచ్చేస్తుంటే ఆవిడ "ఆవజో" అంది. మళ్ళీ రండి అని. అక్కడ వెళ్ళేవాళ్ళకి వెళ్ళమని చెప్పరు. అమ్మ "వెళ్ళొస్తాం" అంది. మనమూ వెళ్తున్నామని చెప్పం కదా.

ఆ తర్వాత తప్పిపోయాం. ఫోన్ మ్యాపు ఇటు వెళ్ళమంటుంది, ఇటు వెళ్తే ఆవు అడ్డం. ఆవుని తప్పించుకుని వెళ్తే గోడ. వెనక్కి తిరిగితే వచ్చిన సందు కాదు. మూడోసారి అదే నీలం తలుపు ముందుకి తేలేసరికి అరుగు మీద పెద్దాయన పేపరు దించి, మాణెక్ చౌక్‌కేనా అన్నాడు. అవునంటే లేచి, ఎదురింటి తలుపు తోసి, ఎవరో వండుకుంటున్న వంటింటి పక్కగా నడిపించి, ఇంకో తలుపు తీశాడు. అవతల వేరే పోల్! అల్లర్లొచ్చినప్పుడు తప్పించుకోడానికి పెట్టుకున్న దొంగదారులట ఇవి. పోపు వాసన వస్తున్న వంటింట్లోంచి చెప్పులు చేత్తో పట్టుకుని నడిచాం. ఆ ఇల్లాలు తలెత్తి కూడా చూడలేదు.

అవతలి పోల్ నడిమిన చబూత్రో. ఒంటిస్తంభం మీద చిన్న మండపం, అష్టకోణం, అంచులకి చెక్క కుచ్చులు. పిట్టలకి గింజలు వేయడానికే కట్టింది. చెట్లు కొట్టి ఇళ్ళు కట్టుకున్నాం కదా, వాటికీ ఒక ఇల్లుండాలని కట్టారట. గోడకి నల్లబల్ల, దాని మీద సుద్దతో పోల్ వార్తలు. గుజరాతీ లిపంటే తలమీది గీత తీసేసిన హిందీయే, కాబట్టి కూడబలుక్కుని చదివాను. ఎవరో పోయారు, ఆదివారం పెద్దకర్మ. కింద, నీళ్ళు సాయంత్రం ఆరుకి.

రాయ్‌పూర్ అనే పేట వైపు తేలేసరికి రోడ్డంతా గులాబీ రంగు. ఉత్తరాయణ్‌కి ఇంకా పదకొండు రోజులుంది. వాళ్ళకి సంక్రాంతంటే గాలిపటాలే. ఫుట్‌పాత్ పొడుగునా గుంజలు పాతి, వాటి మధ్య వందల పోగుల దారం లాగి, మాంజా పట్టిస్తున్నారు. అన్నం ముద్దలాంటి దాన్లో గాజుపొడి, రంగు కలిపి, ఆ ముద్దని గుప్పిట్లో పెట్టుకుని దారం వెంట ఈ చివర్నుంచి ఆ చివరికి నడుస్తాడు మనిషి. మళ్ళీ వెనక్కి. రోజంతా అదే నడక. దగ్గరకెళ్ళి చూస్తే ప్రతి వేలికీ టేపు చుట్టి ఉంది, టేపు మీద కూడా కోతలు. యూపీ నుంచి ఏటా సీజన్‌కి వస్తాడట. నేను అందం చూస్తూ వేలు పెట్టబోయాను. "హాత్ మత్ లగాఓ దీదీ" అనేలోపే తెగింది. సన్నగా, గీత గీసినట్టు. స్కూటర్ల ముందు ఇనుప తీగని విల్లులా వంచి బిగించుకుంటున్నారెందుకో అప్పుడర్థమైంది. గాల్లో తెగిన దారం మెడకి తగలకుండా.

రాత్రి థాలీ. పప్పు తియ్యన, కూర తియ్యన, పులుసు లాంటిదీ తియ్యన. అమ్మ సంచీలోంచి కందిపొడి సీసా బయటికొచ్చింది. వడ్డించే అబ్బాయి కొంచెం అడిగి పెట్టించుకుని, మజ్జిగ రెండు గ్లాసులు తాగాడు.

జనవరి 4, శనివారం: అసార్వా, ఆశ్రమ్ రోడ్, మాణెక్ చౌక్

అందరూ అడాలజ్ దిగుడుబావికి వెళ్తారు. మేం ఊళ్ళోనే ఉన్న దాదా హరిర్ వావ్‌కి వెళ్ళాం. ఆటో అతను మీటరు వేయనన్నాడు, దారి తెలియక రెండుసార్లు తిప్పాడు, ఆ తిప్పినదానికి కూడా కలిపి రెండొందల యాభై అడిగాడు. అమ్మ నోట రాజోలు యాస బయటికొచ్చాక నూట డెబ్భై దగ్గర ఆగాడు.

పైనుంచి చూస్తే గొప్పగా ఏం లేదు. మెట్లు దిగుతుంటే స్తంభాల వెనక స్తంభాలు, అడుగుకో డిగ్రీ చల్లదనం, చివర్న ఎనిమిది మూలల బావి. కట్టించింది సుల్తాను మహమూద్ బేగడా అంతఃపురంలోని బాయి హరిర్. గోడల మీద ఒకవైపు సంస్కృత శాసనం, ఇంకోవైపు అరబ్బీ. 1499లో 3,29,000 మహమూదీలు (అప్పటి నాణేలు) ఖర్చయిందని సంస్కృతంలో లెక్క చెక్కించారట. ఖర్చు దాచుకోని మనిషి. నేను ఒక్కదాన్నే కిందిదాకా దిగి, బోర్లించిన చీకట్లోంచి పైకి చూస్తే ఆకాశం పళ్ళెమంత కనబడింది. పైనుంచి అమ్మ తల తొంగిచూసి, "కాఫీ తాగావా?" అని అరిచింది. నీళ్ళు లేవు, చెత్త ఉంది, ఒక మూల ఇద్దరు కుర్రాళ్ళు చదువుకుంటున్నారు.

తర్వాత ఆశ్రమ్ రోడ్డులో ఆర్కిటెక్ట్ లె కార్బూజియే కట్టిన మిల్లు యజమానుల సంఘం భవనం, 1954 నాటిది. నేను ఏళ్ళుగా చూడాలనుకున్నది. రోడ్డువైపు ముఖమంతా కాంక్రీటు పలకలు ఏటవాలుగా తిప్పిపెట్టాడు, పడమటెండ లోపలికి పడకుండా. గేటు బయట నిలబడి చూశాం. అమ్మ అటూ ఇటూ చూసి, "ఇంకా ప్లాస్టరింగ్ అవలేదా?" అంది. నాకు చాలా కోపం వచ్చింది. అయినా దాని ముందు కూర్చోడానికి చోటు లేదన్నది నిజమే.

రాత్రి తొమ్మిదిన్నరకి మాణెక్ చౌక్. పగలు బంగారు కొట్లు, అవి మూసేశాక ఆ మెట్ల ముందే పెనాలు వెలుగుతాయి. గ్వాలియర్ దోశ అని రాసుంటే అమ్మ ఆశపడి చెప్పింది. పెనం మీద పిండి పోశాడు. దాని మీద వెన్న ఒక ఇటుకంత. కూరముక్కలు, ఏదో మసాలా. గరిటెతో అన్నిటినీ చితక్కొట్టి, మీద చీజ్ మంచు కురిసినట్టు కోరాడు. అమ్మ చెయ్యి నోటికడ్డం పెట్టుకుంది. రెండొందలు. తినేసింది, అది వేరే సంగతి. దానికన్నా పక్క బండి దాల్‌వడా నయం. వేడివేడివి, ఉల్లిపాయ, వేయించిన పచ్చిమిరపకాయతో. "పెసర పునుగులకి పేరు మార్చారు" అంది. తినడానికి కూర్చున్నది మాత్రం మూసిన నగల కొట్టు మెట్టు మీద. పక్కన ఒక కుటుంబం జరిగి చోటిచ్చింది.

జనవరి 5, ఆదివారం: గుజరీ బజార్

పొద్దున ఫాఫ్డా, జిలేబీ. ఉప్పటి శనగపిండి పట్టీలు, తియ్యటి జిలేబీ, పచ్చి బొప్పాయి కోరు, మిరపకాయ. ఒకటి విడిచి ఒకటి తినకూడదు. పక్కింటికి కూడా అరకిలో కట్టించుకున్నాం.

నది ఒడ్డున, 1892 నాటి ఎల్లిస్ బ్రిడ్జి పక్కన, ఆదివారాల్లో జరిగే సంత గుజరీ బజార్. సుల్తానుల కాలంనాటిదంటారు. పాత మిక్సీలు, పాఠ్యపుస్తకాలు, మేకులు, కోళ్ళు, మంచాలు. చివర వైపు చెక్క. చూడగానే గుర్తుపట్టాను. మొన్న పోళ్ళలో మెడ పట్టేలా చూసినవే ఇక్కడ నేలమీద వరసగా పడున్నాయి. తలుపులు, ద్వారబంధాలు, కిటికీ రెక్కలు, చూరు మోసిన కొయ్యలు. ఒక ఇంటి ముఖం మొత్తం విప్పి, ముక్కలకి సుద్దతో నంబర్లేసి పెట్టారు. ఫామ్‌హౌస్‌ల వాళ్ళు, హోటళ్ళ వాళ్ళు కొంటారట.

అమ్మమ్మగారి ఇల్లు 1994లో అమ్మేశారు. స్తంభాలు లారీలో హైదరాబాద్ వెళ్ళాయని మాత్రం తెలుసు. అమ్మ ఆ నంబర్ల వరస పొడుగునా మెల్లగా నడిచి, కొట్టతన్ని తన హిందీలో అడిగింది. "అరుగు రాళ్ళేవి? ఓట్లో?"

అతను నవ్వాడు. రాయెవడు కొంటాడమ్మా, అక్కడే వదిలేస్తాం అన్నాడు.

"మాదీ అంతే" అంది నాతో. "రాళ్ళు చాన్నాళ్ళు ఉన్నాయి. ఇల్లు లేదు, అరుగుంది. బస్సు కోసం జనం కూర్చునేవారు."

ఇంకేం మాట్లాడలేదు. కాసేపటికి గుట్టలోంచి ఒక చిలకని తీసింది, ఏ కొయ్య నుంచో ఊడింది, జానెడు, ముక్కు విరిగింది. రంగు వెలిసినా రెక్క మీద ఈకలు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు. ఆరొందలన్నాడు. అమ్మ నూట యాభై అంది. మూడొందల దగ్గర ఇద్దరూ ఆగారు. నేను డబ్బు తీస్తుంటే అమ్మ నా చెయ్యి పట్టుకుని, అచ్చ తెలుగులో, "ముక్కు లేదు కదయ్యా, ఇంకో యాభై తగ్గించు" అంది. అతను విరిగిన ముక్కు వంక చూసి, అమ్మ వంక చూసి, యాభై నోటు వెనక్కిచ్చాడు.